పాలీహౌస్‌ను నడపాల్సింది పొలంలో ఉన్న డబ్బా, చేతిలో ఉన్న ఫోన్ కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ వ్యవసాయ పేజీలో, పాలీహౌస్‌ను, అంటే ప్లాస్టిక్ షీటు కప్పి లోపల కూరగాయలు పండించే పందిరిని, హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌తోనే నడుపుకోవచ్చని ఒక వ్యాసం వేశారు. మా ఊళ్లో ఆ పేజీని చాలామంది వాట్సాప్‌లో పంపుకున్నారు. కొత్తగా పాలీహౌస్ వేద్దామనుకుంటున్న ఇద్దరు మా ఇంటికి వచ్చి "అక్కా, మీ కంట్రోలర్ డబ్బా ఎంతకు పడ్డది, మేమూ పెట్టిద్దామా" అని అడిగారు. వాళ్లకు చెప్పిన మాటలే మీకూ రాస్తున్నాను. వ్యాసంలో ధర ఉంది, యాప్ బొమ్మ ఉంది. కరెంటు పోతే ఏమవుతుంది, నెట్ పోతే ఏమవుతుంది అన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు.

మాది నల్లగొండ జిల్లా చింతపల్లి మండలంలో నాగార్జునసాగర్ రోడ్డుకు కొంచెం లోపలికి ఉండే ఊరు. ఎకరానికి కాస్త తక్కువగా, 4000 చదరపు మీటర్ల పాలీహౌస్ ఉంది. ఫ్యాన్లు, ప్యాడ్లు లేనిది, గాలి దానంతట అదే వచ్చిపోయే రకం. క్యాప్సికం పెడతాం, మధ్యలో కీర. పంట పని నాది, మార్కెట్ పని మా ఆయనది. లోపల వేడి, గాలిలో తేమ, మట్టి తడి కొలిచే సెన్సర్లు, వాటిని చూసి సన్నటి తుంపర్లు చల్లే ఫాగర్లు, డ్రిప్పు, షేడ్ నెట్ మోటారు, పక్క కర్టెన్ల మోటార్లు నడిపే కంట్రోలర్ డబ్బా పెట్టించుకున్నాం. ఆ డబ్బా తీసేయమంటే నేను తీయను. ఎండాకాలంలో గంటకోసారి లోపలికి పోయి థర్మామీటర్ చూసి, బయటికొచ్చి స్టార్టర్ వేసి, మళ్లీ ఆపడానికి పరుగెత్తే చాకిరీ పోయింది. డ్రిప్పు రోజూ ఒకే కొలతలో పోతోంది. నా అభ్యంతరం "ఫోన్‌తో నడపడం" అన్న మాట మీద. ఫోన్ చూసుకోవడానికి, ఏదైనా జరిగితే మనకు తెలియడానికి. నడపాల్సింది పొలంలో ఉన్న డబ్బా. నెట్ ఉన్నా లేకపోయినా, కంపెనీ సర్వర్ పనిచేస్తున్నా చేయకపోయినా అది తన పని తాను చేసుకుపోవాలి. మాకు అమ్మిన డబ్బా అలాంటిది కాదు. సెన్సర్ లెక్క ముందు ఎక్కడో ఉన్న సర్వర్‌కు పోతుంది, ఫాగర్ వేయాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది, ఆ ఆర్డర్ మళ్లీ మా పొలానికి వస్తుంది. మధ్యలో ఎక్కడ తెగినా పని ఆగుతుంది.

తెగింది కూడా. ఏప్రిల్‌లో మేమిద్దరం మిర్యాలగూడలో చుట్టాల పెళ్లికి పోయాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెద్దోడు, పెళ్లిలో నేను, ఇద్దరం మధ్యమధ్యలో యాప్ చూస్తూనే ఉన్నాం. లోపల 33 డిగ్రీలు, తేమ 58 శాతం, ఫాగర్లు ఆన్. అంతా బాగుంది అనుకునేలాగే ఉంది. భోజనాల వేళకు మా దగ్గర పనిచేసే ఆమె ఫోన్ చేసింది. "అక్కా, లోపల మండిపోతుంది, ఫాగర్లు నడుస్తలేవు" అంది. జరిగింది ఏమిటంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. మూడు ఫేజుల్లో ఒకటి లేకపోయేసరికి ప్రివెంటర్ మోటారును ఆపేసింది. అది దాని ధర్మం, లేకపోతే మోటారు కాలేది. కానీ డబ్బాకు కరెంటు ఇచ్చింది కూడా ఆ ఫేజు మీదనే. డబ్బా ఆగింది, యాప్ మాత్రం ఆగలేదు. డబ్బా ఆగకముందు వచ్చిన ఆఖరి లెక్కనే అలాగే చూపిస్తూ కూర్చుంది. ఆ లెక్క ఎప్పటిదో స్క్రీన్ మీద ఎక్కడా లేదు.

పనిచేసే ఆలుమగలు కర్టెన్లు హ్యాండిల్‌తో చేతితోనే ఎత్తారు, షేడ్ నెట్ లాగారు. చెట్లు బతికాయి. పూత, చిన్న పిందెలు మాత్రం రాలిపోయాయి. క్యాప్సికంకు పగలు 30 డిగ్రీల లోపు ఉంటే హాయి, 35 దాటితే పూత నిలవదు. బయట 43 ఉన్న రోజున మూసిన షీటు కింద ఎంత ఉంటుందో నల్లగొండ జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి చాలా మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, యాప్‌లో ఎప్పుడూ లాస్ట్ రీడింగ్ కనిపిస్తుంది మేడం, అది ఫీచర్" అన్నాడు. మరి ఫాగర్లు ఆన్ అని ఎందుకు ఉందంటే, ఆన్ అంటే ఆన్ చేయమని ఆర్డర్ పోయిందని అర్థమట. నీళ్లు వచ్చాయని కాదు. కంపెనీ పేరు రాయను. ఒక్క కంపెనీ గొడవైతే ఉత్తరం రాసేదాన్నే కాదు, మా చుట్టుపక్కల వేరేవాళ్లు అమ్మినవీ ఇదే తీరు.

ఈ రెంటికీ మందు పెద్ద ఖర్చుది కాదని తర్వాత తెలిసింది. స్కూటర్ బ్యాటరీ లాంటి చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటే కరెంటు పోయినా డబ్బా, దానిలోని సిమ్ బతికే ఉంటాయి. అప్పుడు డబ్బా చేయాల్సిన మొదటి పని "కరెంటు పోయింది" అని ఫోన్ చేయడం. నోటిఫికేషన్ కాదు, ఫోన్ కాల్. పెళ్లిలో బ్యాండు మోగుతుంటే నోటిఫికేషన్ ఎవరు చూస్తారు? ఇక ఫాగర్ లైనుకు ఒక ప్రెషర్ స్విచ్ పెడితే నీళ్లు నిజంగా వస్తున్నాయో లేదో డబ్బాకు తెలుస్తుంది. మోటారు ఆన్ అయి పది నిమిషాలైనా లైనులో ప్రెషర్ లేకపోతే బోరులో నీళ్లు తగ్గాయనో, ఫిల్టర్ పట్టేసిందనో అర్థం. మా ప్రాంతంలో ఇది మామూలే. ఇక్కడి బోరు నీళ్ల సంగతి ఫ్లోరైడ్ పుణ్యమా అని దేశానికంతా తెలుసు. దానికి తోడు సున్నం కూడా ఎక్కువ. ఫాగర్ నాజిళ్లకు తెల్లగా గార పట్టి మూసుకుపోతాయి, యాసిడ్ నీళ్లలో నానబెట్టి తీయాలి. యాప్‌లో మాత్రం అవి ఎప్పుడూ కొత్తవే.

సెన్సర్ల గురించి వ్యాసంలో "కచ్చితమైన సమాచారం" అని రాశారు. అది ఎక్కడ వేలాడదీశారన్న దాని మీద ఉంటుంది. మాకు బిగించినవాళ్లు వేడి సెన్సర్‌ను తలుపు పక్కన ఇనుప పైపుకు కట్టి పోయారు. పొద్దున ఎండ నేరుగా దాని మీద పడేది. చెట్ల మధ్య కంటే అక్కడ నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపేది, ఫాగర్లు ఊరికే నడిచేవి. సెన్సర్ చెట్టు తల ఎత్తులో, పాలీహౌస్ మధ్యలో, ఎండ తగలకుండా గాలి మాత్రం ఆడేలా తెల్ల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గూడులో ఉండాలి. ఇది తెలియడానికి ఇంజినీరే కానక్కర్లేదు, బిగించేవాడికి చెట్టు అంటే తెలిసుంటే చాలు.

తేమ సెన్సర్ ఇంకా సున్నితం. మందు కొట్టినప్పుడల్లా ఆ తుంపర్లు దాని మీద పడి కొన్నాళ్లకు లెక్క తప్పుతుంది. దాన్ని ఇంట్లోనే పరీక్ష చేసుకునే పద్ధతి మా పెద్దోడి స్నేహితుడు చెప్పాడు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, అందులో వంట ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీళ్లు కలపాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. సెన్సర్‌ను ఉప్పుకు తగలకుండా లోపల పెట్టి మూత బిగించి రాత్రంతా వదిలేస్తే, పొద్దున అది సుమారు 75 శాతం చూపాలి. ఉప్పు తడి ఉన్న డబ్బాలో గాలి తేమ అక్కడే నిలుస్తుంది. 85 చూపితే సెన్సర్ 10 ఎక్కువ చెబుతోందని అర్థం. ఇంకో పాత పద్ధతి రెండు థర్మామీటర్లది. ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టాలి. మామూలుది 30, తడిది 24 చూపితే తేమ సుమారు 60 శాతం. ఏ రెండు లెక్కలకు తేమ ఎంతో చెప్పే పట్టిక ఒక్క కాగితమే, డబ్బా మూతకు లోపల అంటించుకోవచ్చు. మట్టి తడి చూసే సెన్సర్లలో రెండు ఇనుప పుల్లల్లా ఉండే చవక రకం మాత్రం మా నీళ్లకు పనికిరాదు. ఒక పంటకే తుప్పు పట్టిపోతుంది.

అసలు ఇబ్బంది వానాకాలంలో వస్తుంది. దీని మీద ఎవరూ మాట్లాడరు. మాకు పెట్టిన సెట్టింగ్ ఒక్కటే, 32 డిగ్రీలు దాటితే ఫాగర్ వేయి. ఎండాకాలంలో అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మన దగ్గర మే నెల గాలి పొడి గాలి. తుంపర్లు వెంటనే ఆవిరై వేడిని లాగేస్తాయి. ఆగస్టులో ముసురు పట్టి మధ్యాహ్నం కాసేపు ఎండ కాసిందనుకోండి, లోపల 33 ఉంటుంది, తేమ అప్పటికే 85. ఆ గాలిలో ఇంకా నీళ్లు చల్లితే ఆవిరి కాదు, చల్లదనం రాదు, ఆకు మీద నీళ్లు నిలుస్తాయి. వారం తిరక్కముందే తెగుళ్లు మొదలు. కాబట్టి డబ్బా చూడాల్సింది వేడినీ తేమనూ కలిపి, గాలి ఆకు నుంచి ఎంత నీటిని లాగగలదో. శాస్త్రవేత్తలు దీన్ని వీపీడీ అంటారు, కిలోపాస్కల్స్‌లో కొలుస్తారు. తేమ 60 శాతమే అనుకోండి. 25 డిగ్రీల దగ్గర ఆ లాగుడు దాదాపు 1.3, అదే 60 శాతం 35 డిగ్రీల దగ్గర 2.2 దాటుతుంది. చాలా కూరగాయలకు 1కి అటూ ఇటూ ఉంటే మంచిది. అంటే తేమ శాతం ఒక్కటే చూసినా, వేడి ఒక్కటే చూసినా మోసపోతాం. ఈ లెక్క కట్టడం చవక చిప్పుకు కూడా చిటికెలో పని. అమ్మేవాళ్లు అందులో రాయరంతే. నేను కాలానికొక సెట్టింగ్ రాసి పెట్టమంటే "అది ప్రీమియం ప్లాన్ మేడం" అన్నారు.

మీ వ్యాసంలో నెదర్లాండ్స్ మాట కూడా ఎత్తారు. అక్కడి వాగెనింగెన్ విశ్వవిద్యాలయం 2018లో ఒక పోటీ పెట్టిన మాట నిజం. ఐదు జట్లు, ఒక్కొక్కరికి 96 చదరపు మీటర్ల గ్రీన్‌హౌస్ గది, నాలుగు నెలల కీర పంట. లోపలికి అడుగు పెట్టకుండా కంప్యూటర్ తెలివితో దూరం నుంచే పండించాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల సోనోమా జట్టు గెలిచింది, అనుభవమున్న అక్కడి రైతులు పండించిన గది కంటే కూడా ఎక్కువ లాభం చూపింది. గొప్ప విషయమే. కానీ ఆ జట్లు దూరం నుంచి పంపింది ఏమిటో చూడండి. వేడి ఇంత ఉండాలి, తేమ ఇంత ఉండాలి, నీళ్లు ఇన్ని అన్న లెక్కలు మాత్రమే. ఆ లెక్క ప్రకారం కిటికీలు తెరవడం, మూయడం అక్కడే గ్రీన్‌హౌస్‌లో ఉన్న కంట్రోల్ కంప్యూటర్ చేసింది. పిలకలు తీయడం, కాయలు కోయడం మనుషులు చేశారు. అంటే దూరం నుంచి వచ్చేది ఆలోచన, చేసేది పొలంలో ఉన్నది. మనకు అమ్మేవాళ్లు ఆ పోటీ పేరు చెప్పి సరిగ్గా దానికి తలకిందులుగా ఉన్న సామాను అంటగడుతున్నారు.

దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే చూశాం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే ఊరూరా చెప్పింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది, బోరులో నీళ్లున్నాయా, మడి నిండిందా అన్నది దానికి పట్టదు. భూగర్భ జలం ఉత్త పుణ్యానికి పోతుందనే కదా ఆ మాట అన్నది. ఫాగర్లు, డ్రిప్పు నడిపే డబ్బా కూడా చూడాల్సింది చూడకుండా నడిపిస్తే అది ఖరీదైన ఆటో స్టార్టరే.

నెట్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా ఊరి టవరుకూ బ్యాటరీయే ఆధారం. కరెంటు పోయి చాలాసేపు రాకపోతే సిగ్నల్ కూడా పోతుంది. డబ్బా అవసరం ఎక్కువ ఉండేదీ సరిగ్గా అప్పుడే. పాత రకం డబ్బాల్లో 2జీ సిమ్ ఉంటుంది, జియోకు 2జీ లేదు కాబట్టి వేరే కంపెనీ సిమ్ వేయాలి, దానికి నెలనెలా రీచార్జ్ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. పాలీహౌస్ నుంచి ఇంటి దాకా అయితే లోరా అనే చిన్న రేడియోతో పని జరుగుతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, చదునైన పొలాల్లో ఒకటి రెండు కిలోమీటర్లకు తేలిగ్గా అందుతుంది. ఇంట్లో ఒక చిన్న బజర్ పెట్టుకుంటే చాలు. ఇంకొకటి, కొన్ని డబ్బాలు ఏ నంబరు నుంచి మెసేజ్ వచ్చినా ఆన్, ఆఫ్ అవుతాయి. బిగించిన రోజే మీ నంబర్లు మాత్రమే పనిచేసేలా పెట్టించుకోండి, పాస్‌వర్డ్ 1234 ఉంటే మార్పించుకోండి.

గాలి దుమారం గురించి రాయకపోతే మా ఆయన ఊరుకోడు. కర్టెన్ మోటారుకు లిమిట్ స్విచ్ అని ఒకటి ఉంటుంది, కర్టెన్ చివరికి చేరగానే మోటారును ఆపేది. దుమ్ము పట్టి అది పనిచేయకపోతే మోటారు తిప్పుతూనే ఉంటుంది, కర్టెన్ చిరిగేదాకా. ఫోన్‌లో "క్లోజ్" నొక్కినవాడికి అది కనిపించదు. మే నెలలో సాయంత్రం గాలి లేచినప్పుడు దూరం నుంచి ఎవరూ ఏ బటన్ నొక్కొద్దని మా ఇంట్లో నియమం. గాలి వేగం కొలిచే గిన్నెల మీటరు డబ్బాకే తగిలించి ఉంటే అదే మూస్తుంది, లేదంటే దగ్గరున్న మనిషి మూస్తాడు. ఆ మనిషికి చేతితో నడిపే స్విచ్ ఉండాలి. మా పనామెకు యాప్ లేదు, ఉన్నా అది ఇంగ్లిష్‌లో ఉంది. ఏప్రిల్‌లో పంటను కాపాడింది ఆమె చేతిలోని హ్యాండిల్. కొత్త మోడల్‌లో ఆ హ్యాండిల్ కూడా తీసేశారని విన్నాక నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

ఇప్పుడు అడగాల్సిన వాళ్లను అడుగుతాను. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో పాలీహౌస్‌కు 50 శాతం, ఒక్కో రైతుకు 4000 చదరపు మీటర్ల దాకా సాయం ఉండేది. మన రాష్ట్రం దాన్ని 75 శాతానికి పెంచింది. ఆ లెక్కంతా చదరపు మీటరుకు ఇంత అని, పైపులకు, 200 మైక్రాన్ల షీటుకు. పైపు మందం కొలిచి చూసే అధికారి డబ్బా లోపల ఏముందో చూడడు. సాగర్ రోడ్డు వెంట షీటు చిరిగి పైపులు మాత్రమే మిగిలిన పాలీహౌస్‌లు అధికారులకూ కనిపిస్తూనే ఉంటాయి. ఒకసారి కట్టించడానికి సాయం ఉంది, నడిపించడానికి లేదు. డబ్బాలకూ అదే గతి పట్టకముందే ఉద్యాన శాఖ కొన్ని షరతులు పెట్టాలి. సబ్సిడీ మీద ఏ కంపెనీ కంట్రోలర్ ఇచ్చినా, అధికారి ముందు నెట్ తీసేసి ఒక పగలంతా నడిపి చూపించాలి. కరెంటు తీసేస్తే రైతు ఫోన్‌కు తెలుగులో కాల్ రావాలి. స్క్రీన్ మీద ప్రతి లెక్క పక్కనా అది ఏ గంటదో ఉండాలి. చేతి స్విచ్, హ్యాండిల్ తీసేయకూడదు.

పంట లెక్కలు కూడా రైతువే కావాలి. మా రెండేళ్ల వేడి, తేమ రికార్డు కంపెనీ సర్వర్‌లో ఉంది. యాప్ కోసం కంపెనీకి కట్టే చందా ఆపేసిన రోజు నుంచి ఒక్క రోజు లెక్క కూడా తెరుచుకోదు. నేను వాటిని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోయి, పూత ఏ వారంలో ఎందుకు రాలుతోందో అడుగుదామనుకున్నాను. డబ్బాలో ఒక మెమరీ కార్డు పెట్టి అందులోనూ రాసి ఉంచితే దాని ఖర్చు ఎంతని?

రిపేరు మాటకొస్తే, హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే వాళ్లకు తీరినప్పుడే. పూత మీదున్న క్యాప్సికం అన్నాళ్లు ఆగదు. మా మండలంలో మోటార్లు చుట్టేవాళ్లు ఉన్నారు, ఫోన్లు బాగుచేసే పిల్లలు ఉన్నారు, ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు ఉన్నారు. డబ్బాలో మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే మార్చడం, సెన్సర్ పరీక్ష చేయడం, సెట్టింగ్ రాయడం వాళ్లకు వారం రోజుల్లో నేర్పవచ్చు. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు నాలుగూ దక్షిణ తెలంగాణ రైతులకు దగ్గరే. అక్కడ నేర్పి, ఊరికి దగ్గరలో ఎవరున్నారో ఆ పేర్లు రైతులకు ఇస్తే మాలాంటివాళ్లం డబ్బులిచ్చే పని చేయించుకుంటాం, ఊరికే కాదు.

ఇప్పటికే డబ్బాలు కొన్నవాళ్ల సంగతి కూడా తేల్చాలి. చందా కట్టకపోతే సెట్టింగ్‌లు మార్చనివ్వని కంపెనీల నుంచి ఆ డబ్బాల పాస్‌వర్డ్‌లు, వైరింగ్ పటాలు రైతులకు ఇప్పించాలి. వచ్చే ఎండాకాలం లోపలే ఇప్పించాలి.

ఇట్లు,
ఒక పాలీహౌస్ మహిళా రైతు,
చింతపల్లి మండలం, నల్లగొండ జిల్లా